ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పాలి: వేసవి సెలవుల్లో మా ఇంటి వంతెనలు

పిల్లల చేత వంతెన నమూనాలు కట్టించాలనుకునేవారికి ముందుగా ఒక మాట. ఎవరి వంతెన ఎక్కువ బరువు మోస్తుందో చూద్దామని పందెం పెట్టకండి. అలా పెడితే పిల్లలు ఆలోచించడం మానేసి జిగురు పోయడం మొదలుపెడతారు. ఓడినవాడు అలుగుతాడు, గెలిచినవాడికి తానెందుకు గెలిచాడో తెలియదు. ఈ వేసవిలో మా ఇంట్లో నడిచిన పందెం వేరు. వంతెన పూర్తయ్యాక, దానికి బరువు తగిలించక ముందే, అది ఎక్కడ విరుగుతుందో ఎవరికి వారు చీటీ మీద రాసి డబ్బాలో వేయాలి. కట్టినవాళ్లూ రాయాలి, చూడవచ్చినవాళ్లూ రాయాలి. ఎవరి చీటీ నిజమైతే వారికి ఆత్రేయపురం మామిడి తాండ్ర. తాండ్ర కోసం మొదలైన చీటీలే మిగతా పనంతటినీ నడిపించాయి.

మాది రాజమహేంద్రవరం. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను గానీ ఉద్యోగం బ్యాంకులో దొరికింది. చదివినదంతా పనికిరాకుండా పోయిందే అని అప్పుడప్పుడూ అనిపించేది. కిందటేడు మా పెద్దవాడి బడిలో వంతెన నమూనా తెమ్మన్నారు. సగం మంది తల్లిదండ్రులు ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లి థర్మోకోల్‌తో చేసి రంగులు వేసిన వంతెనలు కొనుక్కొచ్చారు. మిగతా సగం మంది పిల్లలు నిద్రపోయాక తామే కూర్చుని అంటించారు. మార్కులు రంగుకీ, వంతెన కింద అంటించిన నీలం కాగితానికీ పడ్డాయి. ఒక్కదాని మీదైనా చెయ్యి పెట్టి నొక్కి చూసినవారు లేరు. ఆ కడుపుమంటతోనే ఈసారి సెలవుల్లో ఈ పని పెట్టుకున్నాను.

కూలీలు నలుగురు. ఎనిమిదో తరగతికి వెళ్లబోయే మా పెద్దవాడు, ఐదో తరగతి చిన్నది, హైదరాబాద్ నుంచి సెలవులకు వచ్చిన మా చెల్లెలి కొడుకు, ఎదురింటి అమ్మాయి. ఎదురింటి అమ్మాయే అందరికన్నా పెద్దది, మాట తక్కువ. ఇంట్లో ఉన్న వస్తువులే వాడాలన్నది షరతు. పాత నోటుపుస్తకాలు, పార్సిల్ అట్టపెట్టెలు, కొబ్బరి ఈనెల చీపురు, పురికొస, గుండుసూదులు, బట్టల క్లిప్పులు, నిరుటి సంక్రాంతి గాలిపటాల వెదురు పుల్లలు పోగయ్యాయి. బయట కొన్నవి ఐస్‌క్రీం పుల్లల కట్టలు, ఫెవికాల్ డబ్బా. పరదేశాల్లో స్పగెట్టితో వంతెనలు కట్టే పోటీలుంటాయి. మా వంటింట్లో స్పగెట్టి లేదు. చీపురుంది, దాన్ని మేం విప్పుతుంటే మా అత్తయ్యగారి ముఖం చూడాల్సింది.

మొదలు కాగితంతో పెట్టాం. రెండు పక్కల పుస్తకాల దొంతరలు, మధ్యలో జానెడుకు కాస్త తక్కువ ఖాళీ, దాని మీద ఒక కాగితం. స్టీలు గ్లాసు పెట్టేలోపే కాగితం కుంగి కిందికి జారింది. అదే కాగితాన్ని సన్నని మడతలుగా అటూ ఇటూ మడిచి పరిస్తే గ్లాసు నిలబడింది. చిన్నది గ్లాసులో రూపాయి బిళ్లలు వేసుకుంటూ పోయింది, అప్పటికీ నిలబడింది. కాగితం ఒక్క పిసరు పెరగలేదు, పెరిగింది ఎత్తు మాత్రమే. ప్లాస్టిక్ స్కేలును బల్లపరుపుగా పట్టుకుని వంచితే వంగుతుంది, అంచు మీద నిలబెట్టి వంచితే మొండికేస్తుంది, ఇది అందరికీ తెలిసిందే. దూలం మందం అలాగే ఉంచి ఎత్తు రెట్టింపు చేస్తే వంగకుండా నిలిచే గట్టితనం ఎనిమిది రెట్లవుతుందని చెబితే మా పెద్దవాడు నమ్మలేదు. సరే, నమ్మకపో అన్నాను.

తరువాత అట్టముక్కలు. ఒకే పొడవున్న నాలుగు పేలికలు కత్తిరించి, మూలల్లో గుండుసూదులు గుచ్చి చదరం చేయించాను. ఒక మూల పట్టుకుని తోస్తే అది పక్కకు ఒరిగిపోతుంది. మూడు పేలికలతో చేసినది ఎంత తోసినా ఒరగదు. పేలిక చిరగాలే తప్ప త్రిభుజం ఆకారం మారదు. చదరానికి ఐమూలగా ఇంకో పేలిక కలిపితే అదీ బిగుసుకుంటుంది. ఇంతకు మించి పాఠం ఏమీ చెప్పలేదు. ఐస్‌క్రీం పుల్లలు వాళ్ల ముందు పోసి లేచిపోయాను.

రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మధ్య 40 సెంటీమీటర్ల ఖాళీ దాటాలి. ఐస్‌క్రీం పుల్ల పొడవు 11 సెంటీమీటర్ల పైచిలుకు. కింద వరసలో నాలుగు పుల్లలు, పై వరసలో మూడు, మధ్యలో అటూ ఇటూ వాలిన ఎనిమిది, అంటే ఒక పక్క చట్రానికి 15 పుల్లలు. అలాంటి చట్రాలు రెండు చేసి కింద అడ్డపుల్లలతో కలిపితే వంతెన. ఇంజనీర్లు దీన్ని వారెన్ ట్రస్ అంటారు. జేమ్స్ వారెన్ 1848లో ఇంగ్లండులో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పిల్లలు ఆ పేరు తెలియకుండానే దాన్ని కట్టారు. పుల్లలన్నీ ఒకే పొడవు కాబట్టి త్రిభుజాలు వాటంతటవే సమానంగా వచ్చాయి.

జిగురు గురించి కొంచెం చెప్పాలి. దోసె మీద నెయ్యి పోసినట్టు పోస్తే లాభం లేదు. తెల్ల జిగురులో ఉన్నది నీళ్లు. ఆ నీళ్లు చెక్కలోకి ఇంకి, గాలికి ఆరి పోతేనే అతుకు పట్టేది. పొర మందమయ్యేకొద్దీ లోపలి తడి బయటికి రాలేదు. అందులోనూ గోదావరి ఒడ్డున ఎండాకాలపు ఉక్కపోత. పల్చగా రాసి, రెండు పుల్లలు కలిసిన చోట బట్టల క్లిప్పు బిగించి, మరునాటి దాకా ముట్టుకోకూడదు. ఈ ఆగడమే పిల్లలకు అన్నిటికన్నా కష్టం. మా చెల్లెలి కొడుకు అర్ధరాత్రి లేచి క్లిప్పు తీసి చూసి, మళ్లీ పెట్టి పడుకునేవాడు. ఆ రోజుల్లో మా దండెం మీద బట్టలు గాలికి ఎగిరి పక్కింటి డాబా మీద పడుతుండేవి.

బరువుకు పది లీటర్ల పాత రంగు డబ్బా. దాని పిడికి నైలాన్ తాడు కట్టి, వంతెన నడిమధ్యన అడ్డపుల్లకు తగిలించాం. డబ్బాలోకి మగ్గుతో ఇసుక నెమ్మదిగా పోయాలి, ధడేలున పోయకూడదు. కింద పాత బొంత పరిచాం. పోసేవారి పాదాలు డబ్బా కింద ఉండకూడదు, దగ్గర నిలబడేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి. విరిగిన పుల్ల ఎటు ఎగురుతుందో చెప్పలేం. విరిగాక డబ్బాను కొక్కెం కాటాకు తగిలించి తూచేవాళ్లం.

మొదటి వంతెనకు పడిన చీటీలన్నిటిలోనూ ఒకే మాట. "మధ్యలో, కింద." బరువు వేలాడేది అక్కడే కదా! నన్ను కూడా రాయమన్నారు, నేను రాయనన్నాను. ఇసుక పోస్తున్నకొద్దీ అతుకుల్లోంచి సన్నగా చిటపటలు వినిపించాయి. ఉన్నట్టుండి పై వరస పుల్లలు బయటి వైపుకు విల్లులా వంగాయి, చట్రం పక్కకు ఒరిగింది, అంతా బొంత మీద పడింది. కింది వరస చెక్కుచెదరలేదు. "పెద్దమ్మా, పైది పక్కకు పోయింది!" అని మా చెల్లెలి కొడుకు అరిచిన అరుపు నాకు బరువు కన్నా బాగా గుర్తుంది. ఫోనులో తీసిన వీడియోను నెమ్మదిగా తిప్పి తిప్పి చూశారు. ఇసుక ఏడు కిలోలు తూగింది. తాండ్ర ఎవరికీ దక్కలేదు.

పైనున్న పుల్ల ఎందుకు పక్కకు పోవాలి? దీనికి జవాబు చీపురు దగ్గర దొరికింది. వంతెన మధ్యలో బరువు వేలాడితే పై వరస రెండు వైపుల నుంచీ నొక్కుకుపోతుంది, కింది వరస లాగబడుతుంది. లాగబడే పుల్ల తెగాలంటే చాలా బరువు కావాలి. నొక్కుకుపోయే పుల్ల అంత దాకా ఆగదు, నలిగేలోపే వంకర తిరుగుతుంది. వంటింటి కాటా మీద ఒక పొడవాటి ఈనెను నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కమన్నాను. కాటా మీద అంకె కాస్త పెరిగేలోపే ఈనె వంగిపోయింది. దాన్ని సగానికి విరిచి మళ్లీ నొక్కితే అంకె ఎంతో ఎక్కువ చూపింది. రెండు రెట్లుంటుందని వాళ్లు అనుకున్నారు. నిజానికి పొడవు సగమైతే మోసే బరువు నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్కను 18వ శతాబ్దంలోనే ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త తేల్చాడు. ఈనె ఒక కొసన లావు, ఇంకో కొసన సన్నం కాబట్టి మా కాటా ఆయిలర్ మాట పూర్తిగా వినలేదు. అయినా నాలుగుకు దగ్గరలోనే వచ్చింది. చిన్నది చీపురులో సగం ఈనెలు విరిచేసేదాకా ఈ ఆట సాగింది. అత్తయ్యగారు కొత్త చీపురు తెప్పించుకుని తన గదిలో పెట్టుకున్నారు.

ఆ సందర్భంలోనే క్యూబెక్ వంతెన సంగతి చెప్పాను. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతుండగా 1907 ఆగస్టు 29న అది కూలిపోయి 75 మంది పనివారు చనిపోయారు. నొక్కుడు భరించాల్సిన ఉక్కు దూలాలు వంకర తిరగడంతోనే అది కూలింది. అయితే అక్కడ వంకర తిరిగినవి కింది దూలాలు. ఎదురింటి అమ్మాయి వెంటనే పట్టుకుంది. "మన దాంట్లో పైవి కదా ఆంటీ, అక్కడ కిందివి ఎందుకు?" క్యూబెక్ వంతెన రెండు స్తంభాల నుంచి నది మీదికి ముందుకు పొడుచుకు వచ్చే రకం. పొడుచుకు వచ్చిన దూలం కొసన బరువు పడితే పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. స్కేలును బల్ల అంచున పెట్టి, కొస మీద వేలు వేసి చూపించాను. ఆ అమ్మాయి చాలాసేపు దాన్నే వంచుతూ కూర్చుంది.

పై వరస పక్కకు పోకుండా ఏం చేయాలో నన్నెవరూ అడగలేదు. రెండు చట్రాల పై వరసలనూ అడ్డపుల్లలతో కలిపి, వాటి మధ్య ఐమూలగా ఇంకొన్ని అంటించారు. పొడవు పుల్ల మధ్యలో పట్టు దొరికితే అది పొట్టి పుల్లతో సమానమని ఈనెలు నేర్పేశాయి మరి. ఈసారి చీటీలు తలా ఒక దారి పట్టాయి. వంతెన 14 కిలోల దాకా మోసింది. పోయినది పుల్ల కాదు, కింది వరసలో నడుమ అతుకు. జిగురు పొర ఒలిచినట్టు ఊడి వచ్చింది. ఎదురింటి అమ్మాయి చీటీలో "అతుకు" అని ఒకే ఒక్క మాట ఉంది. తాండ్ర మొత్తం ఆమెకే. దాన్ని నలుగురికీ పంచింది, అది వేరే సంగతి.

నాకు అన్నిటికన్నా నచ్చింది పురికొస ఆట. ఏ పుల్ల నొక్కుకుంటోందో, ఏది సాగుతోందో కంటితో చూస్తే తెలియదు. అయితే తాడు లాగితే నిలుస్తుంది, తోస్తే ముడుచుకుంటుంది. కాబట్టి అనుమానం ఉన్న పుల్లను రెండు చట్రాల్లోంచీ తీసేసి, దాని స్థానంలో పురికొస బిగించి కట్టాలి. వంతెన నిలబడితే అది లాగుడు పుల్ల, కూలితే నొక్కుడు పుల్ల. స్టూలు మీద ఆనిన చివరి వాలు పుల్లను మార్చితే వంతెన డబ్బా తగిలించకుండానే కూలబడింది. దాని పక్కదాన్ని మార్చితే నిక్షేపంగా నిలిచింది. ఆ పక్కది మళ్లీ కూలింది. మధ్యలో బరువు మోసే రెండు వాలు పుల్లల స్థానంలోనూ పురికొస చాలింది. ఒకటి నొక్కుడు, ఒకటి లాగుడు, మళ్లీ నొక్కుడు, మళ్లీ లాగుడు. ఈ వరస బయటపడగానే పెద్దవాడు వంతెన బొమ్మ గీసి నొక్కుడు పుల్లలకు ఎర్ర రంగు, లాగుడు పుల్లలకు నీలం వేశాడు. నేను పాలిటెక్నిక్‌లో ఇదే బొమ్మను కీలు కీలుకూ సమీకరణాలు రాసి గీశాను. పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయాను కూడా.

ఇంత అయ్యాక సాయంత్రాలు గోదావరి గట్టుకు వెళ్లడం మామూలైంది. పుట్టిన దగ్గర నుంచీ చూస్తున్న వంతెనలే గానీ ఇప్పుడు చూపు మారింది. 1974లో తెరిచిన రోడ్డు కమ్ రైలు వంతెనలో కింద రైళ్లు, పైన బస్సులు, లారీలు నడుస్తాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాన్ని స్పాను అంటారు. ఒక్కొక్కటి 91.5 మీటర్ల పొడవున్న 27 పెద్ద స్పాన్లు, వాటికి తోడు చిన్నవి. పొడవునా ఉక్కు త్రిభుజాలే. "అమ్మా, వీటిలో పురికొసతో కట్టదగినవి ఏవి?" అని చిన్నది అడిగింది. ముగ్గురూ మూడు జవాబులు చెప్పి దెబ్బలాడుకున్నారు. ఎదురింటి అమ్మాయి చూపు మాత్రం అతుకుల మీదే ఉంది. దూలాలు కలిసే ప్రతి చోటా ఎంత పెద్ద ఉక్కు పలకలు వేశారో చూపించింది. మరునాడు మా పుల్లల వంతెన అతుకులన్నిటికీ రెండు వైపులా అట్టముక్కలు అంటుకున్నాయి.

పాత హేవలాక్ వంతెన పక్కనే రైళ్లు లేక ఖాళీగా నిలబడి ఉంది. 1897లో పని మొదలుపెట్టి 1900లో రైళ్లకు తెరిచిన వంతెన అది. 56 స్పాన్లు, రాతి స్తంభాలు. దాదాపు వందేళ్లు రైళ్లను మోసి 1997లో సెలవు తీసుకుంది. దాని పని అందుకున్నది పక్కనున్న ఆర్చి వంతెన. ఊరి బొమ్మ ఎవరు గీసినా ముందు గీసేది దాన్నే. 97.55 మీటర్ల స్పాన్లు 28, ప్రతి స్పాను మీదా కాంక్రీటు కమాను. మా చెల్లెలి కొడుకు దాన్ని చూసి, హైదరాబాద్‌లో దుర్గం చెరువు తీగల వంతెనే గొప్పదని కాసేపు వాదించాడు. ఆ తరువాత మెత్తబడి, ఇక కమాను కడదామన్నాడు.

కమానుకు గాలిపటాల వెదురు పుల్లలు పనికొచ్చాయి. నీళ్లలో నానబెట్టి, మూడేసి పుల్లలు జిగురుతో ఒకదాని మీద ఒకటి అంటించి, వంచి, ఆరేదాకా తాడుతో బిగించి ఉంచాలి. ఆరాక తాడు విప్పి స్టూళ్ల మీద పెట్టి నొక్కితే కాళ్లు రెండు వైపులకూ జారి, స్టూళ్లు కూడా జరుగుతాయి. కాళ్లు జారకుండా ఉండాలంటే స్టూళ్లను గోడకు ఆనించాలి, లేదా రెండు కాళ్లనూ కింద తాడుతో కలిపి కట్టాలి. గోదావరి ఆర్చి వంతెనలో చేసింది రెండో పనే. విల్లుకు నారి ఎలాగో కమానుకు కింది దూలం అలాగ. అందుకే స్తంభాలను కమాను పక్కకు తోయదు, వాటి మీద పడేది నిట్టనిలువు బరువే. పిల్లలు పురికొస కట్టారు, కమాను నుంచి నిలువు దారాలు వేలాడదీసి వాటికి అడ్డపుల్లలు తగిలించారు. చూడటానికి అచ్చం ఆర్చి వంతెనే.

డబ్బాను మధ్యన కాకుండా ఒక పక్కకు తగిలించగానే వేషం బయటపడింది. బరువున్న వైపు కమాను కుంగింది, రెండో వైపు పైకి లేచింది. వెదురు సన్నం కాబట్టి బరువు ఎటు లాగితే అటు ఆకారం మారిపోతుంది. దీని మీద పెద్ద చర్చే నడిచింది. కమానును లావు చేయాలని పెద్దవాడు, దారాలు ఎక్కువ కట్టాలని చిన్నది. చివరికి మా చెల్లెలి కొడుకు మాట నెగ్గింది. కింద వేలాడే అడ్డపుల్లలు విడివిడిగా ఉంటే ఎక్కడి బరువు అక్కడి దారం మీదే పడుతుంది, వాటన్నిటినీ కలిపి ఒకే గట్టి దూలం చేస్తే అది బరువును అన్ని దారాలకూ పంచుతుందన్నాడు. చెబుతున్నప్పుడు వాడి చేతిలో ఆ తొలినాటి మడతల కాగితం ఉంది. ఎత్తుంటే గట్టితనం వస్తుందన్నది వాడు మరచిపోలేదు. ఐస్‌క్రీం పుల్లలను అంచు మీద నిలబెట్టి, అతుకులు ఒకే చోట పడకుండా అంటించి దూలం తయారు చేశారు. అసలు వంతెనలో కూడా కమాను కింద బలమైన కాంక్రీటు దూలం ఉండేది ఇందుకే. ఆ ముక్క నేను తరువాత చెప్పాను, ముందే చెప్పి వాడి సంబరం పాడుచేయదలచుకోలేదు.

ఆ కమాను వంతెన ఇంకా విరగలేదు. పది లీటర్ల డబ్బా అంచుల దాకా నింపినా కాస్త కుంగి ఊరుకుంది. చీటీల్లో ఏముందో ఎవరూ ఎవరికీ చూపించడం లేదు. ఇంతకన్నా బరువైనది ఇంట్లో ఏముందని వెతికి, నానమ్మ దగ్గరికి వెళ్లి రుబ్బురోలు పొత్రం అడిగారు.

"మీ పుల్లలు విరిగితే మళ్లీ అంటిస్తారు. పొత్రం పడి నేల పగిలితే ఎవరు అంటిస్తారు? కావాలంటే ప్లాస్టిక్ బిందె పట్టుకెళ్లండి" అన్నారు అత్తయ్యగారు.

నీళ్లు నింపిన బిందె వేలాడాలంటే స్టూళ్ల ఎత్తు చాలదు. పెద్దవాడు పెరట్లోంచి ఇటుకలు తెచ్చి స్టూళ్ల కాళ్ల కింద పేరుస్తున్నాడు. నాలుగు కాళ్ల కిందా ఎత్తు సమానంగా రావడం లేదని ఎదురింటి అమ్మాయి వాటిని తీయించి మళ్లీ పేర్పిస్తోంది.